గురువారం అని నీకెవరు చెప్పారు?

మెట్ల కింది వాటా
బుధవారం

మేనల్లుడికి అత్త చెప్పి రాయిస్తున్నది.

క్షేమమా అని అడగను. నేను క్షేమమో కాదో ఈ కాగితం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. ముందొక మాట. రాస్తున్న చెయ్యి పక్క వాటా టైపిస్టమ్మది, నోరు నాది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆఫీసు ఉత్తరాలు కొట్టి రిటైరైంది కాబట్టి నా మాటలకు ఇస్త్రీ చెయ్యాలని చూస్తుంది. నేను ఒప్పుకోను. అన్నది అన్నట్టు పడాలి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నాకు ఎడమ చెవి పోయింది, కుడిది పోయే దారిలో ఉంది. పైగా ఫోన్లో మాట గాలి మాట. రేపు "నేనలా అనలేదత్తా" అంటే ఏం చూపించను? కాగితమైతే పెట్టెలో ఉంటుంది.

నన్ను పనిలోంచి తీసేశారు. తీసేశామని అనలేదు, "కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండండి" అన్నారు. రెండూ ఒకటే. పదహారేళ్ళు ఊడ్చిన నేల అది.

ఆ కొలతల ఆఫీసు నీకు కొత్త కాదు. కట్టడాలు కొలిచి ప్లాన్లు గీసే ఆ ఎనిమిది బల్లల కిందా వైర్లు లాగింది నువ్వే. నువ్వు దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తేనే మన పిట్ట అక్కడ కంప్యూటర్ల పని చూసుకునే ఉద్యోగంలో చేరి ఐదేళ్ళు చేసింది. కూతురు కంప్యూటర్ ముందు, తల్లి చీపురుతో. నవ్వేవాళ్ళు నవ్వారు. అది పోయి పదకొండు నెలలు. అది పోయాక కూడా నేను ఒక్క రోజు మానలేదు. ఎందుకు మానలేదని అడిగారు. మానితే ఏం చెయ్యాలో తెలియలేదు, అంతే.

జరిగింది వరసగా విను. శుక్రవారం పొద్దున నేను తడిగుడ్డ పెడుతుంటే ముందు బల్ల అమ్మాయి కంప్యూటర్ వేసింది. అందరి ఫైళ్ళూ దాచే డబ్బా మూల గదిలో ఉంటుంది కదా, పచ్చ లైట్లతో. వాళ్ళు షేర్ డ్రైవ్ అంటారు, నేను డబ్బా అంటాను. ఆ డబ్బా తెరుచుకోలేదు. తెర మధ్యలో తెల్ల గడి ఒకటి వచ్చింది. నేను ఆ పిల్ల భుజం వెనక నిలబడి చూశాను. గడిలో పైన ఏవో అక్షరాలున్నాయి, కింద ఖాళీ. "పాస్‌వర్డ్ అడుగుతోంది, ఎప్పుడూ అడగలేదే" అంది. మేనేజరు వచ్చి "ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నాడు. వాళ్ళకు తెలిసిన వైద్యం అదొక్కటే. సోమవారానికి ఎనిమిది బల్లలూ ఆగిపోయాయి. ఆ రోజు ఇవ్వాల్సిన బడి కట్టడం ప్లాన్లు ఇవ్వలేకపోయారు. మధ్యాహ్నం మేనేజరు ఆ మిషన్ల బాగోగులు చూసే మీ కంపెనీకి ఫోన్ చేశాడు, కాసేపటికి డబ్బా దానంతట అదే తెరుచుకుంది.

బాగయ్యాక నేరస్తులు కావాలి కదా. మంగళవారం హాల్లో అందరి ముందూ మేనేజరు అన్నాడు: "ఎవరో డబ్బా ప్లగ్గు తీశారట. కంపెనీవాళ్ళు చెప్పారు. ప్లగ్గు పోయి వస్తే పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుందట. ఆ గదిలోకి రోజూ వెళ్ళేదెవరు?" ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు.

ఆ ప్లగ్గుకు పిట్ట ఎర్ర దారం కట్టింది. "అమ్మా, నీకు చదువు రాదుగా, ఎర్ర దారం ఉన్నది ముట్టుకోకు, మిగతావన్నీ నీ ఇష్టం" అంది. దాని చుట్టూ అరచెయ్యంత దుమ్ము కూడా వదిలేసి ఊడుస్తాను నేను. ఆ మాటే చెప్పాను. మేనేజరు "పెద్దవాళ్ళు, మర్చిపోయి ఉంటారు" అన్నాడు. దొంగ అన్నా పడేదాన్ని. మతిలేనిది అన్నాడు.

నువ్వు ఆ కంపెనీలోనే ఉన్నావు. నాకు కావాల్సింది ఒక్కటే. ప్లగ్గు తీశారని చెప్పింది మీలో ఎవరు? ఆ మనిషెవరో రాయి. మాట్లాడతాను.

అత్త


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు
ఇరవయ్యో తారీఖు

అత్తయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఈ వయసులో రోజూ ఎనిమిది బల్లల కింద వంగడం మంచిది కాదని నాన్న కూడా ఎప్పుడూ అంటాడు. ఒక రకంగా ఈ విశ్రాంతి నీకు అవసరమే అనుకో.

ఆఫీసు విషయం నువ్వు మనసుకు పట్టించుకోవద్దు. ఇలాంటి డబ్బాలతో ఇవి మామూలే. గురువారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా వాళ్ళకు ఇబ్బంది అయిన మాట నిజమే. దానికి వంద కారణాలు ఉండొచ్చు. కరెంటు హెచ్చుతగ్గులు కావచ్చు, వైరు వదులై ఉండొచ్చు, ప్లగ్గు కదిలి ఉండొచ్చు. అన్నిసార్లూ ఎవరో ఒకరి తప్పే అవ్వాలని లేదు. మా దగ్గర రోజుకు పాతిక ఫోన్లు వస్తాయి. ఎవరు ఎవరికి ఏం చెప్పారో పట్టుకోవడం కష్టం.

మేనేజరు మంచివాడే. కోపం తగ్గాక పిలుస్తాడు. నువ్వు అక్కడికి వెళ్ళి గొడవ పెట్టుకోకు. అవసరమైతే కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చి ఉండు. పిల్లలు సంతోషిస్తారు.

టైపిస్టమ్మగారికి నా నమస్కారాలు.

నీ మేనల్లుడు


మెట్ల కింది వాటా
నెలాఖరు

మేనల్లుడికి.

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ ఉత్తరం. నేనడిగింది ఒకటే, ఆ మాట అన్నదెవరని. అది తప్ప అన్నీ రాశావు. నా మోకాళ్ళ గురించి రాశావు. నా మోకాళ్ళ సంగతి నేనెప్పుడు అడిగాను? అవి పదహారేళ్ళుగా ఆ బల్లల కింద వంగుతూనే ఉన్నాయి, ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. ఇంట్లో కూర్చున్న ఈ మూడు వారాల్లోనే నొప్పి మొదలైంది.

పని లేకపోతే మనిషికి బుర్ర పనిచేస్తుంది. కూర్చుని ఆలోచించాను. టైపిస్టమ్మ "మనకెందుకమ్మా ఈ మిషన్ల గొడవ" అంది. మిషన్ల సంగతి నాకు తెలియదు, ఆ హాలు సంగతి తెలుసు. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరి బల్ల కింద చెప్పులుంటాయో, ఎవరు కంప్యూటర్ ఆపుతారో, ఎవరు తెర మాత్రం ఆర్పి వెళ్ళిపోతారో నాకు తెలిసినట్టు మేనేజరుకు తెలియదు. వాళ్ళు వెళ్ళాక బల్లలు తుడిచేది నేను.

రోజూ బుద్ధిగా ఆపి వెళ్ళేవాళ్ళు ఐదుగురు. శుక్రవారం పొద్దున ఆగింది ఆ ఐదుగురివే. కిటికీ పక్కన గీసే అమ్మాయిలిద్దరూ తెర ఆర్పి పోతారు, మిషన్ ఆపరు. వాళ్ళవి శుక్రవారం పొద్దున నడిచాయి. మేనేజరు ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు కదా, వాళ్ళూ మాట విని ఆపి వేశారు, అప్పుడు ఆగాయి. ఇక ప్లాన్లు గీసేవాళ్ళలో పెద్దవాడు, పెద్ద గీతలాయన. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయన మిషన్ ఆపడు. ఎండాకాలం వేసింది చలికాలం దాకా నడుస్తుంది. "నా ఆయుష్షూ దీని ఆయుష్షూ ఒకటేనమ్మా, ఆపితే మళ్ళీ లేవం" అంటాడు. ఆయనది శుక్రవారం నడిచింది, శనివారం నడిచింది. అందరూ ఆయన బల్ల దగ్గర బారులు తీరి ఫైళ్ళు తోడుకున్నారు. సోమవారం మేనేజరు విసుక్కుని ఆయనది కూడా తనే ఆపి వేశాడు. అదీ ఆగింది.

ఇప్పుడు చెప్పు. ప్లగ్గు పీకితే ఇంట్లో దీపాలన్నీ ఒకేసారి ఆరతాయా, ఒక్కొక్కటిగా మూడు రోజులపాటు ఆరతాయా? డబ్బా బతికే ఉంది. లోపల ఉన్నవాళ్ళని ఉండనిచ్చింది. బయటికి వెళ్ళి వచ్చినవాళ్ళనే రానివ్వలేదు. కాపలావాడు ఉన్నాడు కానీ మొహాలు గుర్తుపట్టడం మానేశాడు. అది ప్లగ్గు చేసే పని కాదు, మనిషి చేసే పని.

ఇంకొకటి. నా ఉత్తరానికి నకలు తియ్యమన్నాను టైపిస్టమ్మని. మూడుసార్లు చదివించుకున్నాను. అందులో నేను శుక్రవారం పొద్దున అన్నాను. మేనేజరు శుక్రవారం అనే అనుకుంటున్నాడు. ఆ హాల్లో ఒక్కరికీ శుక్రవారానికి ముందు ఏదీ ఆగలేదు. నువ్వు మాత్రం "గురువారం మధ్యాహ్నం నుంచి" అని రాశావు.

గురువారం అని నీకెవరు చెప్పారు?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే వంశం కాదు మనది. సూటిగా రాయి.

అత్త


ఇంటి నుంచి
ఆదివారం

అత్తా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేను. టైపిస్టమ్మగారూ, మీరు చదువుతున్నారని తెలుసు. దయచేసి ఏదీ వదలకుండా చదవండి.

ప్లగ్గు మాట అన్నది నేనే.

మేనేజరు ఫోన్ చేసినప్పుడు నేనే ఎత్తాను. కారణం ఏమిటని అడిగాడు. "ఎవరో ప్లగ్గు కదిపి ఉంటారు" అన్నాను. అది అనేటప్పుడు ఆ గదిలోకి వెళ్ళేది నువ్వని నాకు తట్టలేదు. తట్టలేదంటే నమ్ముతావో లేదో. ఆ క్షణాన ఎవరో ఒకరు కావాలి, ఎవరో అన్నాను. ఆ "ఎవరో" నువ్వయ్యావని నీ ఉత్తరం చదివితే తెలిసింది. తెలిశాక కూడా నీ మోకాళ్ళ గురించి రాశాను.

అసలు జరిగింది ఇది. ఆ డబ్బాలోకి వెళ్ళాలంటే ఒక్కొక్కరికీ ఒక పేరూ, ఒక పాస్‌వర్డూ ఉండాలి. ఐదేళ్ళ కిందట నేనూ పిట్టా కలిసి దాన్ని పెట్టిన రోజు సాయంత్రానికి అన్నీ నడవాలని మేనేజరు తొందరపెట్టాడు. ఎనిమిది పేర్లు చేసే తీరిక లేదు. "ప్రస్తుతానికి అన్ని మిషన్లకూ నీ పేరే ఇచ్చేద్దాం, వచ్చే వారం విడివిడిగా చేద్దాం" అని పిట్టతో అన్నాను. "ఇది తప్పు కదా బావా" అంది. వారమే కదా అన్నాను. ఆ వారం రాలేదు. మిషన్లు ఆ పేరును గుర్తుపెట్టుకున్నాయి కాబట్టి ఎవరూ ఏదీ టైపు చెయ్యనక్కర్లేదు. అందరూ మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను.

ఆ గురువారం మా కంపెనీలో జాబితాలు శుభ్రం చేస్తున్నాం. ఏ ఆఫీసులో ఎవరు మానేశారు, ఎవరు లేరు, వాళ్ళ పేర్లు ఆపెయ్యాలి. కొలతల ఆఫీసు జాబితా నా చేతికి వచ్చింది. అందులో పిట్ట పేరు ఉంది. ఆ పని వేరేవాళ్ళకు ఇద్దామనుకున్నాను. ఇవ్వలేదు. మూడు గంటలకు నేనే ఆపేశాను. ఆపాక వెళ్ళి టీ తాగాను. ఏమీ అనిపించలేదు. తర్వాతి మూడు రోజులూ సెలవులో ఉన్నాను.

సోమవారం ఫోన్ రాగానే నాకు అర్థమైంది. మేనేజరు లైన్లో ఉండగానే మళ్ళీ తెరిచాను. ఒక్క నిమిషం పట్టింది.

కాబట్టి ఇప్పుడు కూడా ఆ ఆఫీసు నడుస్తున్నది పిట్ట పేరు మీదే. రోజూ పొద్దున ఎనిమిది మిషన్లు దాని పేరు చెప్పి లోపలికి వెళ్తున్నాయి. నువ్వు శుక్రవారం చూసిన తెల్ల గడిలో పైన ఉన్న అక్షరాలు దాని పేరే. కింద ఖాళీగా ఉన్నచోట దాని పాస్‌వర్డ్ ఉండాలి. అది ఎవరికీ తెలియదు, నాతో సహా.

నిజం చెప్తే నీ మీద మచ్చ పోతుంది. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఇంకొకటి కూడా అవుతుంది. ఎనిమిది మందికీ కొత్త పేర్లు చెయ్యాలి, పిట్ట పేరు శాశ్వతంగా తీసెయ్యాలి. చెప్పకపోతే అది అలాగే ఉంటుంది. ఎన్నాళ్ళైనా ఉంటుంది.

నువ్వేం చెప్తే అది చేస్తాను. నా తప్పుకు నిన్ను తీర్పరిని చెయ్యడం అన్యాయమని తెలుసు.

మేనల్లుడు


మెట్ల కింది వాటా
తారీఖు టైపిస్టమ్మ వేస్తుంది

మేనల్లుడికి.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయించడానికి రెండుసార్లు కూర్చున్నాం. రెండుసార్లూ ఆవిడ కలం పట్టుకుని చూసింది, నేను గోడను చూశాను, లేచిపోయాం.

చదివిన రోజు టైపిస్టమ్మ మధ్యలో ఆగింది. "చదువు" అన్నాను. అయ్యాక "నీళ్ళివ్వనా" అంది. నేనే లేచి తాగాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. అది పోయినప్పుడూ రాలేదు. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్ళి, పదకొండో రోజు సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసి, వచ్చేశాను. అందరూ రాయి అన్నారు. రాయే అనుకో.

కోపం మాత్రం వచ్చింది. నీ మీద తర్వాత. ముందు నా కళ్ళ మీద. ఆ శుక్రవారం ఆ గడి ఏడు తెరల మీద వచ్చింది. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను. తెర మీద మరక ఉంటే తుడిచాను కూడా. నా కూతురి పేరు మీద గుడ్డ పెట్టి తుడిచి పక్క బల్లకు వెళ్ళాను. చదువు రాకపోవడం వల్ల నాకు ఇంతకాలం ఏ లోటూ కనపడలేదు. బస్సు రంగు చూసి ఎక్కుతాను, మందు డబ్బా మూత చూసి వేసుకుంటాను. ఆ ఒక్కరోజుకు పనికొచ్చేది.

ఆ తర్వాత వాళ్ళ మీద. నాకైతే చదువు రాదు. చదువొచ్చినవాళ్ళు ఎనిమిది మంది చూశారు. ఒక్కరి నోరూ పెగల్లేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు ఆపినందుకు నాకు కోపం లేదు. మనిషి లేదు, పేరు ఆపారు. ఎవరో ఆపేకంటే నువ్వు ఆపడం నయం. టీ తాగానని రాశావు. తాగుతారు. నేను ఆస్పత్రి నుంచి వచ్చి అంట్లు తోమాను. కానీ నీ భయానికి నన్ను మతిలేని ముసలిదాన్ని చేశావు. అది వేరే లెక్క.

టైపిస్టమ్మ అంది, "ఈ ఉత్తరం పట్టుకెళ్ళి మేనేజరు ముందు పెట్టు, రేపే పనిలోకి రమ్మంటాడు" అని. నిజమే. నేను వెళ్ళను. నీ ఉత్తరం పెట్టెలో ఉంది, ఎవరికీ చూపించను. నువ్వు అన్న మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి, నీ నోటితో. నీ ఉద్యోగం పోతే పోతుంది. నాది పోలేదా?

ఇక పేరు. తియ్యాలా ఉంచాలా అని నన్నడిగావు. మూడు వారాలు పట్టింది దీనికే. మొదటి వారం ఉంచుదామనుకున్నాను. నాకు పనెందుకు, ఇంట్లోనే ఉంటాను, అది అక్కడ ఉంటుంది, రోజూ పొద్దున ఎనిమిది చోట్ల దాన్ని పిలుస్తారు, పిలవనీ అనుకున్నాను. ఇదిగో ఇప్పుడు కాఫీ తాగుతూ ఉంటారు, ఇప్పుడు దాని పేరు పలుకుతుంది అని గడియారం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఒక పొద్దున తట్టింది. పిలవడం ఎక్కడ? అది ఉన్న ఐదేళ్ళూ ఎవరి మిషన్ ఆగినా పిట్టా పిట్టా అని అరిచేవాళ్ళు, బల్లల కింద దూరి దూరి దాని మోచేతులు కాయలు కాచాయి. పోయి ఏడాది తిరిగినా ఎనిమిది మందికీ అదే పొద్దున్నే వెళ్ళి తలుపు తియ్యాలా? చచ్చినదాని చేత చాకిరీ చేయిస్తున్నారురా వాళ్ళు. తెలిసి కాదు. తెలిస్తే మాత్రం మానేవాళ్ళా?

తీసెయ్. ఎవరి తలుపు వాళ్ళు తీసుకోనీ.

అత్త


ఇంటి నుంచి
పదో తారీఖు

అత్తయ్యకు,

సోమవారం ముందు మా పై అధికారికి చెప్పాను. తర్వాత ఆయన ఎదుటే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. ప్లగ్గు ఎవరూ ముట్టుకోలేదని, నేను పేరు ఆపానని, అబద్ధం చెప్పానని మూడు వాక్యాల్లో చెప్పాను. రాసుకుని చదివాను, మధ్యలో మాట మార్చకుండా ఉండటానికి. మేనేజరు "ఆమెను హాల్లో అన్నానయ్యా" అన్నాడు. అంతే అన్నాడు.

మంగళవారం ఎనిమిది పేర్లు చేశాను. ఒక్కొక్కరితో ఫోన్లో మాట్లాడి వాళ్ళ మిషన్లో పెట్టించాను. పెద్ద గీతలాయన తనది ఆపనని గంటసేపు వాదించాడు.

పిట్ట పేరు ఆఖరున తీశాను. తీసేముందు దాని సొంత ఫైళ్ళేమైనా ఉన్నాయేమో చూశాను, నీకు పంపుదామని. రెండు ఖాళీ ఫారాలు, సగం నింపిన సెలవు కాగితం ఒకటి. ఇంకేమీ లేవు. ఎక్కడికి వెళ్ళడానికి సెలవో రాయలేదు. తీసెయ్యమని నొక్కితే "నిజంగా తీసెయ్యాలా" అని అడిగింది. ఎవరిదైనా అలాగే అడుగుతుంది. అవునని నొక్కాను. పది సెకన్లు పట్టింది.

బుధవారం నన్ను ఇంటికి పంపారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. నెలో రెండు నెలలో చెప్పలేదు. ఇంట్లో ఇంకా సరిగ్గా చెప్పలేదు. సెలవు పెట్టానని అన్నాను.

అత్తా, ఒకటి అడగనా. నీకు కోపం తగ్గిందా?

మేనల్లుడు


మెట్ల కింది వాటా
ఆదివారం

మేనల్లుడికి.

పనిలోకి వెళ్ళి పది రోజులైంది.

మొదటి రోజు మేనేజరు తన గదిలోకి పిలిచి కుర్చీ వేసి టీ తెప్పించాడు. "ఏదో పొరపాటు జరిగింది, మీరు మనసులో పెట్టుకోకండి" అన్నాడు. "నా మనసులో చోటు లేదు బాబూ. హాల్లో అన్నది హాల్లోనే తీసుకోండి" అన్నాను. టీ ముట్టలేదు. చీపురూ ముట్టలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. పావుగంట తర్వాత బయటికి వచ్చాడు. అందరినీ లేపి నిలబెట్టి, "అమ్మ తప్పేమీ లేదు, నేను తొందరపడ్డాను" అన్నాడు. "వినపడలేదు, ఎడమ చెవి" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాడు. గీతలాయన కిసుక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గెలిచినట్టూ లేదు. బకెట్‌లో నీళ్ళు పట్టుకున్నాను.

నేను బల్లల కింద తుడుస్తుంటే గీతలాయన ముందు బల్ల పిల్లతో అంటున్నాడు, "ఇన్నాళ్ళూ మనం ఎవరి పేరు మీద నడిచామో పాపం, పాతదేదో ఉన్నట్టుంది" అని. లేచి నిలబడ్డాను. "పాతదేదో కాదు. నా కూతురిది" అన్నాను. ఆయన పెన్సిల్ కింద పెట్టేశాడు. ముందు బల్ల పిల్ల మొహం తిప్పుకుని అంది, "ఆ రోజే చూశానమ్మా. మీరు నా వెనకే నిలబడ్డారు. చెప్పాలంటే నోరు రాలేదు." నోరు రాలేదట. నాకు చదువు రాలేదు. ఆ పిల్లను ఏమీ అనలేదు. కాలు తియ్యమన్నాను, తీసింది, తుడిచాను.

కొత్త పేర్లతో ఆఫీసంతా గోల. ఎవరికీ వాళ్ళ పాస్‌వర్డు గుర్తుండదు. చీటీల మీద రాసి కీబోర్డు కింద ఒకరు, చెప్పులో ఒకరు, గీతలాయనైతే కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, కళ్ళజోడు లేకుండా చదవలేక నన్ను పిలుస్తున్నాడు. "నాకేం వచ్చు?" అంటే "నీకు రాదనే నిన్ను పిలిచాను, నా రహస్యం పదిలం" అంటాడు. మూల గదిలోకి కూడా వెళ్ళాను. లైట్లు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. ఏదో తేడా ఉంటుందనుకుని కాసేపు చూశాను. ఏమీ లేదు. బయటికొచ్చేశాను.

కోపం తగ్గిందా అని అడిగావు. తగ్గిందో, అసలు ఉందో లేదో నాకే తెలియడం లేదు. తెలిసినప్పుడు రాయిస్తాను. ఈలోగా నీకు పనికొచ్చేది చెప్తాను. ఇంట్లో కూర్చోవడం నీకు కొత్త, నేను రెండున్నర నెలలు కూర్చున్నాను.

మొదటి వారం బానే ఉంటుంది. రెండో వారం నుంచి గోడ మీద పెచ్చులు లెక్కపెడతావు. పొద్దున రోజూ లేచే వేళకే లే. స్నానం చేసి పనికి వెళ్ళే బట్టలే వేసుకో. పగలు పడుకోకు, పడుకుంటే లేవలేవు. సెలవు పెట్టానని మీ ఆవిడకు చెప్పడం మానెయ్. తప్పు చేశాను, పిలిచేదాకా ఇంట్లోనే ఉంటాను అని చెప్పు. అబద్ధం ఒకసారి నాటితే రోజూ నీళ్ళు పొయ్యాలి, నీకు అంత ఓపిక లేదని తేలిందిగా.

ఇంకొక పని ఉంది. పిట్ట బీరువా నేనింకా తెరవలేదు. టైపిస్టమ్మ రెండుసార్లు సాయం వస్తానంది, వద్దన్నాను, ఆవిడ బయటి మనిషి. (రాయండి, ఏం పర్లేదు, మీరు బయటి మనిషే.) ఒక్కదాన్నీ తియ్యలేను. నీకిప్పుడు పని లేదు, నాకు ఆదివారం పని లేదు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వచ్చెయ్. ఏది ఎవరికివ్వాలో నేను చెప్తాను, మూటలు నువ్వు కట్టు. సంచులు తెచ్చి పెట్టాను.

అత్త